భుజం జారిన చొక్కా

ఆ ఏడు బడులు తెరిచే కాలంలో మా కొట్లో మూడు వందల పైచిలుకు యూనిఫారాలు కుట్టాం. అన్నీ కుదిరాయి. ఒక్క చొక్కాకి మాత్రం ఎడమ భుజం ఎంతకీ కుదరలేదు. అది మా అమ్మాయిది.

మా ఆయన కత్తిరిస్తాడు, నేను కుడతాను. పెళ్లయిన ఈ పన్నెండేళ్లుగా ఇదే ఏర్పాటు. బట్ట కుదిరితే అది ఇద్దరి గొప్ప, కుదరకపోతే ఎదుటివాళ్ల తప్పు. కొట్టు ముందు భాగంలో కత్తిరింపు బల్ల, దాని వెనక ఆయన. కిటికీ దగ్గర మిషను, దాని ముందు నేను. గుమ్మం పక్కన పీట మీద మా అత్తయ్య. గుండీలు కుట్టడం, కాజాలు తీయడం, వచ్చినవాళ్ల మంచిచెడ్డలు అడగడం, మా పోట్లాటలకి తీర్పు చెప్పడం ఆవిడ పనులు. వెనక గదిలో నిలువుటద్దం, దాని ముందు చిన్న స్టూలు. కాపురం మేడ మీద.

ఆ స్టూలు మా అమ్మాయి సింహాసనం. దానికి ఏడేళ్లు నిండలేదు. దాన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు మా వీధిలో లేరు. గిలక్కాయ అంటేనే పలికేది. నిద్రలో కూడా మాట్లాడే పిల్లని ఇంకేమని పిలుస్తారు? ఇరవై ఆరో సైజు అచ్చం దాని ఒళ్లే కావడంతో, ఆ సైజు చొక్కా ఏది తయారైనా ముందు దానికి తొడిగి చూసేవాళ్లం. అది స్టూలెక్కి గిరగిరా తిరిగి, "మెడ దగ్గర కాస్త బిగువు, చంక దగ్గర బాగుంది" అని పెద్ద దర్జీలా చెప్పేది.

ఆ ఏడు పిల్లల్లో దగ్గు జోరుగా ఉంది. కొలతలకి వచ్చిన ప్రతి రెండో పిల్ల ముక్కు చీదుకుంటూనే వచ్చేది. మా దగ్గర సైజుల వారీగా నమూనా చొక్కాలు ఉంటాయి. ఒకళ్లు తొడిగి విప్పింది ఇంకొకళ్లు తొడుక్కోవాలి. అత్తయ్యకి అది ససేమిరా నచ్చలేదు.

"దగ్గే పిల్లకి నమూనా తొడగొద్దు. తర్వాత తొడుక్కున్నవాడు దగ్గు కూడా ఇంటికి పట్టుకెళ్తాడు" అంది.

"మీరు డాక్టరు చదువు ఎప్పుడు చదివారత్తయ్యా?" అన్నాను.

"దానికి చదువెందుకే, కళ్లుంటే చాలదూ?" అంది.

ఆరోజు నుంచి కొత్త రూలు వచ్చింది. దగ్గుతూ వచ్చిన పిల్ల పేరు కొలతల పుస్తకంలో ఎక్కగానే అత్తయ్య దాని పక్కన ఒక చొక్కా గుండీ పెట్టి, ఎర్ర పెన్సిలుతో చుట్టూ గీసేది. ఎర్ర సున్నా పడిందంటే వారం తర్వాత రావాలి. "మా అమ్మ బడి తెరవకముందే పిల్లలకి సున్నా మార్కులు వేసేస్తోంది" అని మా ఆయన నవ్వేవాడు. రెండు వారాలు తిరిగేసరికి పేజీల నిండా సున్నాలే.

చివరికి మా గిలక్కాయ కూడా చీదడం మొదలెట్టింది. రెండు రోజులు జ్వరం, నాలుగు రోజులు దగ్గు. ఆ తర్వాత ఏమీ లేదు. వీధిలో అందరి పిల్లలకీ వచ్చినట్టే వచ్చింది, పోయినట్టే పోయింది. ఆ పని ఒత్తిడిలో మేం దాన్ని తలుచుకోనైనా లేదు.

ఊరందరి పిల్లలకీ అయ్యాక గానీ దర్జీ పిల్లకి చొక్కా అవదు. మంగళవారం పొద్దున, బడికి ఇంకా వారం ఉందనగా, మిగిలిన ముక్కల్లోంచి ఆయన దానికి చొక్కా కత్తిరించాడు. మధ్యాహ్నానికల్లా నేను కుట్టేశాను. గిలక్కాయ స్టూలెక్కింది. అద్దంలో చూస్తే ఎడమ భుజం కుట్టు అంగుళం కిందికి జారి ఉంది.

"మీ కటింగే" అన్నాను.

"రెండు భుజాలూ మడతపెట్టి ఒకే వేటుకి కోశాను. తేడా ఎలా వస్తుంది? నువ్వే కుట్టేటప్పుడు బట్ట లాగి ఉంటావు" అన్నాడు.

"పన్నెండేళ్లలో ఎప్పుడైనా లాగానా?"

"దొరక్కపోతే లాగనట్టా?"

అత్తయ్య గుమ్మం దగ్గర్నుంచి, "ముందు విప్పి కుట్టు, ఆ తర్వాత కొట్టుకోండి" అంది. బ్లేడు తీసుకుని కుట్టు విప్పాను. మళ్లీ కుట్టాను. మళ్లీ తొడిగాను. మళ్లీ జారింది.

"చెయ్యి బరువుగా ఉందమ్మా" అంది గిలక్కాయ.

"పొద్దస్తమానం వేలాడుతుంటే బరువుండదా? సరిగ్గా నిలబడు" అన్నాను.

ముందురోజు అది మెడ నొప్పంటే తలగడ మార్చాం. మేం చేసిన వైద్యం అంతే.

బుధవారం మళ్లీ అదే గొడవ. దానికి తోడు, ఆ పూటే బేకరీ ఆవిడ వాళ్ల చిన్నబ్బాయి ప్యాంటు పట్టుకుని విసవిసా వచ్చింది. కుడి కాలు పొడుగైందనీ, నేలకి రాసుకుని అంచు అప్పుడే చిరిగిపోయిందనీ. ప్యాంటు బల్ల మీద పరిచి కొలిచాను. రెండు కాళ్లూ నూలుపోగు తేడా లేకుండా సమానం. ఆ మాటే చెప్పాను.

"బల్ల మీద సమానమైతే నాకేం లాభం? మావాడి కాళ్లకి సమానం కావాలి గానీ" అందావిడ.

వాదించే ఓపిక లేక, కుడి కాలు అంగుళం తగ్గించి ఇస్తానని పుస్తకంలో రాసుకున్నాను. ఆవిడ వెళ్లాక మా ఆయన మీద పడ్డాను. "ఒకే వారంలో రెండు తప్పులు. మీ కత్తెరకేమైనా దయ్యం పట్టిందా?" ఆయన కత్తెర పదును చూసుకున్నాడు. నిజంగానే అనుమానం వచ్చినట్టుంది పాపం.

గురువారం ఆయనే ఉపాయం చెప్పాడు. "లోపల మెత్త పెడదాం" అన్నాడు. దూదీ గుడ్డా కలిపి అరచేతి మందాన మెత్త కుట్టి, ఎడమ భుజం కింద అమర్చాను. గిలక్కాయని స్టూలెక్కించాం.

"చెయ్యెత్తు, చంక దగ్గర చూడాలి" అన్నాను.

అది కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని పైకి లేపింది. "ఇదిగో, క్రేను!" అంది. వదిలేస్తే చెయ్యి టప్పున కింద పడింది. మళ్లీ లేపింది. మళ్లీ వదిలింది. మేం ఇద్దరం నవ్వాం. నేను కడుపుబ్బా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

అద్దంలో రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి. మూడు రోజుల యుద్ధం తర్వాత మేం రాజీపడ్డాం. ఆయన చొక్కాకి ఇస్త్రీ చేసి చిలక్కొయ్యకి తగిలించాడు.

శుక్రవారం పొద్దున గిలక్కాయ ఆ కొత్త చొక్కా వేసుకుని నానమ్మ పక్కన చతికిలబడింది. గుండీలు ఏరిపెట్టడం దానికి ఇష్టమైన ఆట. అత్తయ్య అలవాటుగా దాని ఎడమ అరచేతిలో గుప్పెడు గుండీలు పోసింది. అన్నీ జారిపోయాయి. గచ్చు మీద గలగలా దొర్లాయి.

"సరిగ్గా పట్టుకో అమ్మలూ."

"పట్టుకోవట్లేదు నానమ్మా, చెయ్యి."

నేను మిషను ఆపకుండానే, "ఆటలాడకే" అని కేకేశాను. అత్తయ్య మాత్రం గుండీలు ఏరలేదు. దాన్ని దగ్గరికి లాక్కుని చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, చొక్కా తీసేసింది. తర్వాత మమ్మల్నిద్దర్నీ పిలిచింది. గొంతు పెంచలేదు.

"మూడు రోజుల్నుంచీ కోశారు, కుట్టారు, విప్పారు. చొక్కా తీసి పిల్లని చూశారా ఎవరైనా?"

ఎడమ భుజం కిందికి వాలిపోయి ఉంది. చెయ్యి పక్కన వేలాడుతోంది. కుట్టులో లోపం లేదు. కత్తెరలో లోపం లేదు. నేను మిషను మీద నుంచి లేచానో లేదో కూడా గుర్తులేదు. మా ఆయన పిల్లని ఎత్తుకుని రోడ్డు మీద పరుగెడుతుంటే వెనక నేను పరుగెడుతున్నాను. ఆయన మెడలో టేపు అలాగే ఉంది.

పెద్దాసుపత్రిలో కళ్లజోడు డాక్టరమ్మ ఒకావిడ చూసింది. చిన్న రబ్బరు సుత్తితో కుడి మోచేతి మీద తడితే చెయ్యి ఉలిక్కిపడింది. ఎడమ మోచేతి మీద ఎన్నిసార్లు తట్టినా ఉలుకూ పలుకూ లేదు.

"ఈమధ్య జలుబు గానీ దగ్గు గానీ చేసిందా?" అని అడిగింది.

నాకు ఒళ్లు మండింది. పిల్లకి చెయ్యి పడిపోతే ఈవిడ ముక్కు గురించి అడుగుతుందేమిటని. చేసిందనీ, తగ్గిపోయి కూడా చాలా రోజులైందనీ చెప్పాడు మా ఆయన. డాక్టరమ్మ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది.

"పోలియోనా డాక్టరుగారూ? చుక్కలన్నీ వేయించామండీ, ఒక్కటీ తప్పలేదు" అన్నాను.

"పోలియో కాకపోవచ్చు. అయినా పరీక్షకి పంపిస్తాం, పంపించి తీరాలి. చెయ్యి ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

ఆ ప్రశ్నకి జవాబు నా నాలుక చివరే ఉంది. మంగళవారం. కానీ మంగళవారం అంటే, మరి మంగళ, బుధ, గురువారాలు ఏం చేశావని అడుగుతుంది. మెత్త కుట్టానని చెప్పాలి.

"ఈ పొద్దుటేనండీ" అన్నాను.

మా ఆయన నా వైపు చూశాడు. తర్వాత టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టుకోవడం మొదలెట్టాడు.

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "ఒక్క పూటలో ఇంత పడిపోయిందా?" అని నర్సుని పిలిచి గబగబా ఏదో చెప్పింది. మాకు విడమరచి చెప్పినప్పుడు తెలిసింది. ఈ జబ్బు ఇంత వేగంగా పాకుతుంటే, చేతి దగ్గర్నుంచి ఊపిరి కండరాలకి ఎక్కొచ్చట. అందుకని గిలక్కాయని అద్దాల గదిలో, యంత్రాల మధ్య పడుకోబెట్టారు. మమ్మల్ని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. గంటకోసారి నర్సు లోపలికెళ్లి, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలదో లెక్కపెట్టించేది. అంకెలు తగ్గితే ఊపిరి తగ్గుతున్నట్టు. అద్దంలోంచి దాని పెదాలు కదలడం చూసి నేనూ లెక్కపెట్టేదాన్ని. ఇరవై రెండు. ఇరవై మూడు. నోరు మూయని పిల్ల, మాట్లాడటానికి మనిషి లేక, యంత్రాలతో మాట్లాడుతూ పడుకుంది. నా అబద్ధం మూలానే అది ఒంటరిగా ఉందని నాకు తెలుసు. అయినా మంగళవారం అని చెప్పలేదు.

శనివారం పొద్దున ఒకావిడ వచ్చింది. భుజానికి గుడ్డ సంచి, చేతిలో కాగితాల అట్ట. ఆరోగ్యశాఖ నుంచి వచ్చానంది. పిల్లలకి ఉన్నట్టుండి చెయ్యో కాలో పడిపోతే, ఆ వివరాలన్నీ రాసుకుని పైకి పంపడం ఆవిడ పని. మేం సంచి ఆవిడ అని పిలుచుకున్నాం. బల్ల మీద నా పక్కనే కూర్చుంది.

"మీ పాప ఈ నెలలో మూడోది" అంది. "ముగ్గురికీ ముందు జలుబే చేసింది. అందుకే తేదీలు కచ్చితంగా కావాలి. జలుబు ఏ రోజు మొదలైంది, చెయ్యి ఏ రోజు పడింది. రెండిటికీ మధ్య ఎన్ని రోజులో తెలిస్తే, ఈ జలుబు మూలంగానే వచ్చిందా అన్నది తేల్చడానికి ఒక దారి దొరుకుతుంది. తర్వాత ఇంకే పిల్లలకైనా జలుబు తగ్గాక చెయ్యి నొప్పో మెడ నొప్పో అంటే ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలో చెప్పగలం."

కలం పట్టుకుని నా ముఖంలోకి చూసింది. "మొట్టమొదట తేడా ఎప్పుడు కనిపించిందమ్మా?"

అద్దం అవతల నర్సు పిల్లతో మళ్లీ లెక్కపెట్టిస్తోంది.

"మంగళవారం" అన్నాను. అన్నాక ఆగలేదు. "చొక్కా భుజం జారింది. నేను కుట్టు విప్పి మళ్లీ కుట్టాను. బుధవారం మళ్లీ విప్పాను. గురువారం లోపల మెత్త పెట్టాను. చెయ్యి బరువుగా ఉందని అది చెప్పిందండీ. నేనే తిట్టాను."

తిడుతుందనుకున్నాను. ఆవిడ మంగళవారం అని రాసి, దాని కింద గీత గీసింది.

"మధ్యాహ్నమా, సాయంత్రమా?"

"మధ్యాహ్నం. ట్రయల్ అప్పుడు."

"చాలామంది తల్లుల్ని అడిగాను. నాలుగైదు రోజులైందేమో అంటారు. ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పలేదు" అని లేచి, తిన్నగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

డాక్టరమ్మ బయటికి వచ్చేసరికి నేను తల ఎత్తలేకపోయాను. "మంగళవారం నుంచి ఇలాగే ఉందా? పెరగలేదా?" అని అడిగింది. "భుజం అంతేనండీ. పట్టు మాత్రం గురువారానికి పోయినట్టుంది" అని మా ఆయన సమాధానం చెప్పాడు. "అయితే పాకడం ఆగినట్టే ఉంది" అంది. ఆ సాయంత్రమే పిల్లని అద్దాల గదిలోంచి మామూలు వార్డుకి మార్చారు. నన్ను చూడగానే అది, "ఇరవై ఏడు దాకా వెళ్లానమ్మా, నర్సక్క పద్దెనిమిదికే ఆగిపోయింది" అంది. ఆ తర్వాత గంటసేపు ఆగలేదు.

డాక్టరమ్మని వసారాలో పట్టుకుని అడిగాను. "మంగళవారమే తీసుకొచ్చి ఉంటే చెయ్యి నిలబడేదా?"

ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. నిద్రలేని కళ్లు. "స్కాన్‌లో మెడ దగ్గర వెన్నుపాములో వాపు కనిపించింది. చేతిని కదిలించే నరాలు మొదలయ్యేది అక్కడే. ఇలాంటి వైరస్ వేలమంది పిల్లలకి ఉత్త జలుబుగా వచ్చి పోతుంది. ఎక్కడో ఒక్కరికి ఇలా అవుతుంది. ఆ ఒక్కరు ఎవరు, ఎందుకు అన్నది మాకు తెలియదు. ముందొస్తే బాగుండేదని చెప్పలేను. ఇలాగే ఉండేదనీ చెప్పలేను. తెలియదమ్మా. ఊపిరి సంగతి చూసుకోవడానికి మాత్రం ముందు రావడమే మంచిది."

తిట్టినా, ఓదార్చినా తీసుకునేదాన్ని. తెలియదన్న మాటని ఏం చేసుకోవాలో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఆదివారం పొద్దున సంచి ఆవిడ మళ్లీ వచ్చింది. జలుబు మొదలైన తేదీ కోసం. అది మా ఇద్దరికీ గుర్తులేదు. అప్పుడు, తేదీ అడిగారని విని కొట్టు నుంచి వచ్చిన అత్తయ్య చంకలోంచి కొలతల పుస్తకం తీసింది.

"నా మనవరాలికి కూడా సున్నా పెట్టాను. రూలంటే రూలే" అని పేజీ తిప్పి చూపించింది. ఇరవై ఆరో సైజు నమూనాల జాబితాలో గిలక్కాయ పేరు పక్కన ఎర్ర సున్నా, పైన తేదీ. చెయ్యి పడటానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు.

సంచి ఆవిడ పుస్తకం ఒళ్లో పెట్టుకుని మొదటి నుంచీ తిప్పింది. మొదటి వారం నాలుగు సున్నాలు. రెండో వారం పంతొమ్మిది. మూడో వారం నలభై దాటాయి. ఆపైన తగ్గుతూ వచ్చాయి. వారం వారం సున్నాలు వేలితో మళ్లీ లెక్కపెట్టింది.

"ఇది మా దగ్గర లేదు మామ్మగారూ" అంది చివరికి. "చెయ్యి పడితే ఆసుపత్రికి వస్తారు, మేం రాసుకుంటాం. ఉత్త జలుబుకి ఎవరొస్తారు? జలుబు ఎప్పుడొచ్చిందో, ఎంతమందికొచ్చిందో ఎక్కడా రాసి ఉండదు. మీరు రాశారు."

"నాకేం తెలుసమ్మా, చొక్కాలు పాడవకూడదని పెట్టాను" అంది అత్తయ్య. అన్నదే గానీ ఆ పూటంతా నిటారుగా కూర్చుంది.

ఆవిడ తిప్పుతున్న పేజీల మీదే నా కళ్లున్నాయి. ఒక పేజీలో బేకరీ ఆవిడ చిన్నబ్బాయి పేరు పక్కన ఎర్ర సున్నా కనిపించింది. నాలుగు పేజీల తర్వాత అదే పేరు, నా చేతిరాత. 'ప్యాంటు కుడి కాలు అంగుళం ఎక్కువ. సరిచేయాలి.' రెండు తేదీలకీ మధ్య పది రోజులు.

బల్ల మీద పరిచిన ప్యాంటు గుర్తొచ్చింది. రెండు కాళ్లూ సమానం. బట్ట సమానమైతే నేలకి రాసుకున్నది ఏమిటి?

"నాతో రండి" అని సంచి ఆవిడ చెయ్యి పట్టుకుని లేచాను.

బేకరీ ఆసుపత్రికి నాలుగు వీధుల దూరం. బేకరీ ఆవిడ మోచేతుల దాకా పిండితో ఉంది. నన్ను చూడగానే, "మళ్లీ ఏమొచ్చింది? ఇప్పుడు కురచైందంటారా?" అంది.

"తప్పు ప్యాంటుది కాదండీ" అన్నాను. "మావారు సరిగ్గానే కత్తిరించారు." పన్నెండేళ్లలో ఆ మాట నేను అనడం అదే మొదటిసారి. వినడానికి ఆయన అక్కడ లేడు. "మీ అబ్బాయిని ఒక్కసారి ప్యాంటు తీయించి, చెప్పులు లేకుండా నడిపించండి. మా పిల్లని నేను చూడలేదు. మీరైనా చూడండి."

"ఆటల్లో మోకాలు కొట్టుకున్నాడు. రెండ్రోజుల్లో తగ్గిపోతుంది" అంది. కానీ నా ముఖంలో ఏం కనిపించిందో, లోపలికి కేకేసి వాణ్ని పిలిచింది.

వాడు నిక్కరుతో వచ్చాడు. పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం దాకా నడిచాడు. ఎడమ కాలు మామూలుగా పడింది. కుడి కాలి బొటనవేలు గచ్చుకి రాసుకుంటూ వచ్చింది. గచ్చు మీద రాలిన పిండిలో ఒకవైపు అడుగులు, ఒకవైపు గీత. వాడి తల్లి ఆ గీత వైపు చూస్తూ నిలబడిపోయింది. నేను ఆవిడ పిండి చేతులు పట్టుకున్నాను.

వాణ్ని ఆరోజే చేర్చారు. మా పక్క మంచమే. గిలక్కాయకి శ్రోత దొరికాడు.

వానలు వెనకబట్టేసరికి ఇద్దరూ ఇళ్లకి వచ్చేశారు. పోలియో కాదని కాగితం వచ్చింది. ముక్కులోంచి తీసిన నమూనాలో మాత్రం జలుబు వైరస్ ఒకటి దొరికిందట. అదే కారణమని నూటికి నూరుపాళ్లు చెప్పలేమనీ, అనుమానం మాత్రం గట్టిదేననీ డాక్టరమ్మ అంది. బేకరీ అబ్బాయి నెల తిరక్కుండానే కాలెత్తి నడిచాడు, రెండు నెలలకి పరుగెత్తాడు. అలసిపోతే కాలు కాస్త ఈడుస్తాడు, అంతే. మా పిల్లకి వేళ్లు కదిలాయి, మోచెయ్యి మడత పడింది. భుజం మాత్రం లేవలేదు. ఎందుకలా అని నేను ఎవర్నీ అడగలేదు. జవాబు నాకు తెలుసు. తెలియదంటారు.

రోజూ పొద్దున వ్యాయామాల అక్క దగ్గరికి వెళ్లడం, కొట్టుకి వచ్చి మళ్లీ అవే చేయించడం. మెత్త పెట్టిన చొక్కా పెట్టె అడుగున పడేశాను. ఆయన కొత్తగా రెండు చొక్కాలు కత్తిరించాడు. ముందు పిల్ల ఒంటి మీద బట్ట లేకుండా భుజాలు కొలిచాడు. ఎడమ భుజం కుడిదాని కన్నా అంగుళమున్నర కిందికి ఉంది. కత్తెర పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. దర్జీ చేతికి వంకరగా కోయడం అంత తేలిక కాదు. చివరికి కోశాడు. నేను కుట్టాను. అది తొడుక్కుని, "హమ్మయ్య, ఇది నన్ను లాగట్లేదు" అంది. నేను మేడ మీదికెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

మా కొట్లో రూలు కూడా మారింది. ఎవరి బట్టైనా కుదరకపోతే ముందు మనిషిని చూస్తాం, ఆ తర్వాతే బట్టని.

చలి ముదిరాక ఒక పొద్దున, గిలక్కాయ సైజు పెరిగిందని మళ్లీ చొక్కా కుట్టాం. కొలతలు పాత పేజీవే. చుట్టుకొలతలకి అంగుళం కలిపాడు గానీ, భుజం తేడా అంగుళమున్నరే ఉంచాడు. గిలక్కాయ కుడి చేత్తో అద్దం అంచు పట్టుకుని స్టూలెక్కింది. మెడ దగ్గర మడతలు పడ్డాయి. ఎడమ వైపు కాలరు పీక మీదికి లాగేసింది.

"బిగువు. పీక నొక్కేస్తోంది" అంది.

"మీ కటింగే" అన్నాను, ఆలోచించకుండా.

"రాసుకున్న కొలతకే కోశాను. నీ కుట్టే" అన్నాడు, ఆయనా ఆలోచించకుండా.

అని, ఇద్దరం ఒక్కసారే నోరు మూసుకున్నాం. నా చేతిలో బ్లేడు ఉంది. గుమ్మం దగ్గర అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తున్నదల్లా ఆగింది.

"చొక్కా తీయండి" అంది.

నేను గుండీలు విప్పాను. ఆయన టేపు పెట్టి మెడ నుంచి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. మూడోసారి నన్ను కొలవమని టేపు నా చేతికిచ్చాడు. అంగుళం. కొలతల పుస్తకంలో భుజాల తేడా అంగుళమున్నర. చొక్కా మేం కోసిన చోటే ఉంది. భుజం అరంగుళం పైకి వచ్చింది.

అద్దంలోంచి గిలక్కాయ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇంతకీ ఎవరిది తప్పు?" అని అడిగింది.

"నాదే" అన్నాడు మా ఆయన. కత్తెర పట్టిన నాటి నుంచీ ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఉండరు.

నేను కిటికీ దగ్గరికెళ్లి, వెలుతురులో కూర్చుని, బ్లేడుతో ఎడమ భుజం కుట్టు విప్పడం మొదలుపెట్టాను. అంత ఇష్టంగా కుట్టు విప్పడం నా జన్మలో ఎప్పుడూ లేదు.